బిరుదులను చూచి నవ్విన పోలండు రచయిత

బలహీనుని చూచి నవ్వుట సులభము. అధికారమునందున్నవారి దోషమును చూపి నవ్వించుట అపాయకరము. ఈ రెండవ మార్గమును త్రొక్కినవాడు పోలండు రచయిత తడేయుష్ డొవెంగా-మొస్తోవిచ్.

ఈయన 1898వ సంవత్సరము ఆగష్టు 10వ తేదీన, నాడు రష్యా సామ్రాజ్యమునకు లోబడి నేడు బెలారుస్ దేశమునకు చెందిన ఒకునియెవో గ్రామమున జన్మించెను. కీవు నగరమున న్యాయశాస్త్రము చదివి, పిమ్మట సైన్యమున చేరి, బోల్షివిక్కులతో పోలండు చేసిన యుద్ధమున పాల్గొనెను. తరువాత వార్సా నగరమున ఒక దినపత్రికయందు చిన్న కొలువున ప్రవేశించి, క్రమముగా వ్యంగ్య వ్యాసకర్తగా పేరొందెను.

1926 మే నెలలో పిల్సూద్‌స్కీ సైన్యబలముచే ప్రభుత్వమును హస్తగతము చేసికొనెను. ఆ పాలకవర్గమును మొస్తోవిచ్ తన వ్యాసములలో విడువక విమర్శించుచుండెను. 1927 సెప్టెంబరులో దుండగులు కొందరు ఆయనను పట్టుకొనిపోయి, చావగొట్టి, నగరము వెలుపల గోతిలో పడవైచిరి. ఆ త్రోవను పోవు రైతు కనుగొనుటచే ప్రాణము దక్కెను. నేరస్థులు పట్టుబడలేదు.

అటుపిమ్మట ఆయన పత్రికోద్యోగమును విడిచి నవలలు వ్రాయసాగెను. 1932లో వెలువడిన నవలలో నికోదెం దిజ్మా యను పనిలేని గుమాస్తా, దొరకిన ఆహ్వానపత్రికతో, కడుపు నింపుకొనుటకై ఒక విందునకు పోవును. గొప్ప అధికారి యొకడు తగిలి తన పళ్లెము పడిపోగా కోపముతో వానిని తిట్టును. పెద్దలు దానిని ధైర్యమని మెచ్చుకొందురు. అతడు మాట తోచక ఊరకున్నచో గాంభీర్యమందురు. తుదకతడు ప్రభుత్వ ధాన్యపు బ్యాంకునకు అధ్యక్షుడగును. ప్రధానమంత్రి పదవియు వాకిటికి వచ్చును. ఇతడు వట్టివాడని ఎలుగెత్తి చెప్పినవాడు, పిచ్చివాడని పేరుపడిన ఒక ప్రభువు మాత్రమే!

1937లో వెలువడిన 'జ్నాహోర్' నవల ఇందుకు విపర్యయము. ప్రసిద్ధుడైన శస్త్రవైద్యుడు జ్ఞాపకశక్తిని కోల్పోయి, పల్లెలో నాటువైద్యుడై రోగులను బ్రతికించును. పట్టా లేదను కారణమున న్యాయస్థానమునకు ఈడ్వబడును. మొదటివానికి సామర్థ్యము లేకున్నను పదవి దొరకినది. రెండవవానికి సామర్థ్యమున్నను శిక్ష దొరకినది. రెంటను దోషము చూపరులదే. బంగారు ఉంగరము గలవానికి మంచి పీఠము వేయువారిని యాకోబు పత్రిక హెచ్చరించినది ఈ దోషమును గూర్చియే కదా!

1939 సెప్టెంబరు 20వ తేదీన రుమేనియా సరిహద్దునందలి కూతీ పట్టణమున సోవియట్ సైనికుల కాల్పులకు ఆయన బలియయ్యెను. అప్పటికి వయస్సు 41 సంవత్సరములు. 1978లో ఆయన అస్థికలను వార్సాకు కొనివచ్చిరి.

విద్యార్థులారా! నలుగురు మెచ్చుచున్నారని మీరును ఒకని మెచ్చుటకు ముందు, అతడు చేసిన మేలేమని విచారింపుడు. ఆ ప్రశ్న అడిగినందులకే మొస్తోవిచ్ దెబ్బలు తినెను. అయినను అడుగుట మానలేదు.