పెరటి పచ్చికలో గరిక ఏది, తుంగ ఏది?

గరిక రసం ఎంత మోతాదులో తీసుకోవాలని అడిగే గృహిణులను నేను ముందుగా ఒక ప్రశ్న అడుగుతాను: అది గరికేనని ఎలా నిర్ధారించుకున్నారు? ఇంటి ముంగిట పచ్చికలో మొలిచినదంతా గరిక కాదు. వినాయక చవితి పత్రిలో దూర్వాయుగ్మంగా మనం అర్పించే ఈ మూలిక శీతవీర్యం గలది. రక్తపిత్తంలో ముక్కునుండి రక్తం కారేటప్పుడు దీని స్వరసాన్ని నస్యంగా వాడాలని చరక సంహిత చెబుతోంది.

మొదట తుంగను వేరు చేయాలి. చూపుకు గడ్డివలె ఉన్నా వృక్షశాస్త్రం ప్రకారం అది గడ్డి కుటుంబానికి చెందదు. పూకాడను వేళ్లమధ్య దొర్లించి చూడండి. మూడు అంచులు చేతికి తగిలితే అది తుంగ. కాడకు కణుపులుండవు, లోపల గుల్ల ఉండదు. త్రవ్వితే సువాసనగల నల్లని దుంపలు దొరుకుతాయి. అవే తుంగముస్తెలు. జ్వరంలో దాహం తీర్చే షడంగ పానీయంలోని ఆరు ద్రవ్యాలలో ఇదొకటి. కూలి ఇచ్చి మరీ పీకించి పారవేస్తున్న కలుపు ఇదే సుమా!

అసలు చిక్కు మిగిలిన గడ్డితోనే. గరిక నేలపై ప్రాకుతూ కణుపుకణుపుకూ వేరు పట్టుతుంది. పూసినప్పుడు ఒకే చోటినుండి మూడు మొదలు ఆరు వరకు సన్నని కంకులు గొడుగు పుల్లలవలె విచ్చుకొంటాయి. రాగిపైరుకు దగ్గరి చుట్టమైన ఒక గడ్డి ఇలాగే పూస్తుంది గాని ప్రాకదు, గుత్తిగా పెరుగుతుంది. దాని మొదలు నొక్కినట్లు చదునుగా, తెల్లగా ఉంటుంది. కంకులు లావు, తరచు ఒకటి కాస్త క్రిందనుండి విడిగా వస్తుంది. కాకిపాదం వంటి పొట్టి కంకులు గల మరొక గడ్డి మాత్రం గరికవలె వేళ్లూనగలదు. దాని ప్రతి కంకి కొసన గింజలులేని ముల్లువంటి మొన ఉంటుంది. ఊదారంగు కుచ్చులు గలదానిని పోల్చుకోవడం సులభమే. కంకి లేనిదే నేను తీర్పు చెప్పను. పచ్చికలో ఒక మూలను కొన్ని వారాలు కోయకుండా వదలిపెట్టండి.

తక్కినవన్నీ విషమని నా భావం కాదు. గరిక గుణాలను వాటికి ఆపాదించరాదు, అంతే. కలుపు మందు చల్లిన చోట, కుక్కలు తిరిగే చోట పెరిగినది నిజమైన గరికే అయినా ఔషధానికి పనికిరాదు. నస్యం వైద్యుని పర్యవేక్షణలోనే చేయించుకోవాలి. ఇంట్లో ఎవరికైనా ముక్కునుండి రక్తం కారుతుంటే పచ్చికలో వెదుకుతూ కూర్చోవద్దు. రోగిని కూర్చోబెట్టి, తల కొద్దిగా ముందుకు వంచి, ముక్కు మెత్తని భాగాన్ని పది నిమిషాలు వదలకుండా నొక్కి పట్టండి. ఇరవై నిమిషాలకూ ఆగకపోయినా, తలకు దెబ్బ తగిలి రక్తం వస్తున్నా వెంటనే ఆసుపత్రికి తీసుకొని వెళ్లండి.