విరాళం పుచ్చుకోని సంఘం



ఆల్కహాలిక్స్ అనానిమస్ అనే సంఘానికి మీరు చెక్కు పంపితే వాళ్లు తీసుకోరు. తాగుడు మానదలచినవారు కలిసి నడుపుకునే ఈ సంఘంలో ఖర్చులు సభ్యులే తలా కొంత వేసుకుంటారు. బయటివారి డబ్బు వద్దంటారు. రుసుం లేదు. తాగుడు మానాలన్న కోరిక ఉంటే చాలు, సభ్యుడే. 1935లో అమెరికాలోని ఏక్రన్ పట్టణంలో బిల్ విల్సన్ అనే స్టాక్ బ్రోకరు, బాబ్ స్మిత్ అనే సర్జను ఒకరికొకరు తమ కథ చెప్పుకోవడంతో ఇది మొదలైంది. ఇద్దరూ తాగుడుకు బానిసలైనవారే. మన దేశానికి 1957లో వచ్చింది. అయినా దాతలు చేయవలసిన పని దీని చుట్టూ చాలా ఉంది.

కేంద్ర సామాజిక న్యాయ శాఖ 2019లో వెలువరించిన సర్వే ప్రకారం, మద్యానికి బానిసలైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందింది. మిగతా 37 మందిలో మనవాళ్లు లేరనుకుంటే మనల్ని మనం మభ్యపెట్టుకున్నట్టే. హరామని తెలిసినవాడు దాచుకుని తాగుతాడు. ఇంట్లోవాళ్లు పరువు కోసం దాస్తారు. అందువల్ల మనవాడు డాక్టరు దగ్గరికి చేరేసరికి చాలా ఆలస్యమవుతుంది.

రంజాన్ సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. నెలవంక కనపడగానే సీసా పక్కన పెట్టి, ఈద్ దాటగానే మళ్లీ పట్టుకునేవారు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. ఇందులో రెండు విషయాలున్నాయి. ఏళ్ల తరబడి రోజూ ఎక్కువగా తాగేవాడు ఉన్నట్టుండి మానేస్తే ఒకటి రెండు రోజుల్లో చేతుల వణుకు, చెమటలు, ఫిట్స్ రావచ్చు. రెండు మూడు రోజులకు మతి తప్పి లేనివి కనపడవచ్చు. ఇది ప్రాణం మీదికి తెచ్చే స్థితి. దెయ్యం పట్టిందని తాయెత్తు కట్టించడం తగదు, ఆసుపత్రికి తీసుకెళ్లాలి. కనుక రంజాన్‌కు ముందే, షాబాన్‌లోనే డాక్టరుకు చూపించడం మంచిది. రెండోది, నెలంతా ఆగగలిగినవాడికి షవ్వాల్ మొదటి వారంలో పక్కన మనిషి కావాలి. మీటింగు అక్కరకొచ్చేది అప్పుడే.

మీటింగు ఎక్కడ జరుగుతుందో కనుక్కోవడం కష్టమేమీ కాదు. కేంద్ర ప్రభుత్వపు మత్తు విముక్తి సహాయ నంబరు 14446కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు. టెలి మానస్ నంబరు 14416లో తెలుగులోనే మాట్లాడతారు. ప్రభుత్వ మానసిక వైద్యశాలల్లో, డీఅడిక్షన్ వార్డుల్లో సిబ్బందిని అడిగినా చెబుతారు. గదులు, వేళలు మారుతుంటాయి కనుక బయలుదేరేముందు ఒకసారి ఫోన్ చేసుకోవాలి. ‘ఓపెన్’ మీటింగా, ‘క్లోజ్డ్’ మీటింగా అని కూడా అడగాలి. ఓపెన్‌కు అన్నయ్యో, స్నేహితుడో వెంట వెళ్లి కూర్చోవచ్చు. క్లోజ్డ్‌కు మానదలచినవారే వెళ్లాలి.

లోపల జరిగేది చాలా సాదా. గంట, గంటన్నర. ఒకరి తర్వాత ఒకరు ఇంటిపేరు లేకుండా తమ పేరు చెప్పి, తాగుడు వల్ల ఏమైందో, ఎలా మానుతున్నారో చెబుతారు. మధ్యలో ఎవరూ అడ్డురారు, సలహాలివ్వరు. కొత్తవాడు నోరు విప్పకుండా కూర్చున్నా ఎవరూ ఏమీ అనరు. జన్మలో తాగనని ఒట్టు పెట్టించరు. ఈ ఒక్కరోజు తాగకుండా ఉండమంటారు. వెళ్లేటప్పుడు ఇద్దరు ముగ్గురి ఫోన్ నంబర్లు తీసుకోవడమే కొత్తవాడికి అన్నిటికంటే ముఖ్యమైన పని. రాత్రి పదింటికి సీసా గుర్తొస్తే మసీదు కమిటీ ప్రెసిడెంటుకు ఫోన్ చేయలేడు కదా! ఒక్కసారి వెళ్లి నచ్చలేదని మానెయ్యకూడదు. ఒక గ్రూపు కుదరకపోతే ఇంకో గ్రూపు చూసుకోవాలి. 2020లో కాక్రేన్ సంస్థ 27 అధ్యయనాలను పరిశీలించి, రోగులను ఈ మీటింగులవైపు పద్ధతిగా నడిపించే చికిత్స పూర్తిగా మానడం విషయంలో ఇతర చికిత్సలకు దీటుగానో మెరుగ్గానో ఉందని తేల్చింది.

గది చర్చిదైతే మనవాళ్లు గుమ్మంలోనే ఆగిపోతారు. సంఘం ఆ గదిని అద్దెకు తీసుకుంటుందంతే, ఏ మతానికీ చెందదు. దైవం ప్రస్తావన వస్తుంది, ఎవరి దైవం వారిదే. అమెరికాలోని బాల్టిమోర్‌లో ముస్లిములు 1989లో ఇదే పన్నెండు మెట్ల పద్ధతిని ఇస్లామీయ రీతిలో మలచుకుని ‘మిల్లతీ ఇస్లామీ’ పేరుతో నడుపుకుంటున్నారు.

భర్త రానంటే? భార్య వెళ్లవచ్చు. తాగేవారి కుటుంబాల కోసం 1951 నుంచి అల్-అనాన్ అనే వేరే సంఘం ఉంది. అతను మానినా మానకపోయినా ఆమెకు అక్కడ తోడు దొరుకుతుంది.

ఇక మన పని. వార్డులో ఉన్నన్నాళ్లు కూలీ పోతుంది కనుక ఇంటికి బియ్యం, పప్పు, నూనె పంపండి, సరుకు ఆమె చేతికే ఇవ్వండి. మీటింగుకు వెళ్లిరావడానికి బస్సు పాసు తీసివ్వండి. అతని చేతికి నగదు వద్దు, అప్పులు తీర్చడానికి తొందరపడవద్దు. మీకు హాలుంటే వారానికో సాయంత్రం గది ఇవ్వండి. వాళ్లు అద్దె ఇస్తామంటారు, కొద్దిగానైనా తీసుకుని రసీదు రాయండి. కుట్టుమిషన్లు, స్కాలర్‌షిప్పులు అందుకున్నవారి ఫొటోలు ఇలాంటి సావనీర్లలో వేస్తాం. ఈ సహాయానికి మాత్రం ఫొటో వద్దు, పేరు వద్దు. ఖాతా పుస్తకంలో ‘వైద్య సహాయం’ అని రాసి, ఎదురుగా మొత్తం వేస్తే సరిపోతుంది.