పాతకారు ఇంజను ఏల వణఁకును?

మా పాతకారు నిలిపినపుడెల్ల ఇంజను వణఁకి ఆఁగిపోవుచుండెను. మేము కార్బురేటరు స్క్రూను త్రిప్పి వేగము హెచ్చించితిమి. దోషము దాఁగెనే గాని పోలేదు.

ఇంజను నెమ్మదిగాఁ దిరుగునపుడు థ్రాటిల్ రేకు దాదాపుగా మూసికొని యుండును. పిస్టనులు పీల్చుటచే రేకునకు దిగువను గాలియొత్తిడి తగ్గును. మంచి ఇంజనులో, సముద్రమట్టమునకు సమీపమున, ఈ తగ్గుదల పాదరసపు కొలతచే 17 మొదలు 21 అంగుళముల వఱకు నుండును. అచ్చటినుండి పోవు రబ్బరుగొట్టము పగిలినచో, కొలతలేని గాలి చొచ్చి పెట్రోలుపాలు తగ్గును. వేగముగాఁ బోవునపుడు ఆ గాలి స్వల్పభాగమగుటచే దోషము తెలియదు.

ఫంకాకు చేయి తగులనీయక, గొట్టముల నొక్కొక్కటిగా నొక్కి చూచితిమి. బ్రేకుగొట్టమును నొక్కఁగనే వణఁకు మానెను! బ్రేకునకు బలమిచ్చునదియు ఈ పీల్పే కదా. ఇంజను నాపి, పెడలును నాలుగైదుమార్లు త్రొక్కి, కాలు తీయకయే ఇంజనును మరల నడిపినచో పెడలు కొంచెము దిగవలెను. మాది దిగలేదు. ఆనాఁడు బాలురను నడిపించియే కొనిపోతిమి.