తక్కెడయు తృతీయ వ్రతమును - బెంగుళూరు ఇనుప సామానుల అంగళ్ళ చరిత్ర నుండి ఒక పాఠము

సంవత్సరీ ప్రతిక్రమణమునాడు శ్వేతాంబర శ్రావకులు వందిత్తు సూత్రమును పఠింతురు. గృహస్థుని మూడవ అణువ్రతమగు అస్తేయమునకు తగులు ఐదు అతిచారములు అందు చెప్పబడినవి. ఉభయ శాఖలవారికిని ప్రమాణమైన తత్త్వార్థసూత్రము ఏడవ అధ్యాయములోను ఈ ఐదే కలవు. దొంగతనమునకు ప్రోత్సాహమిచ్చుట, దొంగసొత్తు పుచ్చుకొనుట, రాజ్యనియమమునకు విరుద్ధముగా వ్యాపారము చేయుట, తూనిక కొలతలలో హెచ్చుతగ్గులు చేయుట, మంచి సరుకు పేర నకిలీ సరుకు అమ్ముట. ఈ ఐదును అంగడిలో జరుగునవే. పఠించి లేచిన పిమ్మట వీనిని ఎచ్చట వెదకికొనవలెను? తండ్రి తాతలనుండి వచ్చిన ఇనుప సామానుల అంగడి చరిత్రలో వెదకినచో ఒక్కొక్క కాలమున ఒక్కొక్క అతిచారము ఎదురుపడును.

అంగడి ఏర్పడిన విధము

కెంపేగౌడ 1537లో నిర్మించెనని చెప్పబడు బెంగుళూరు పేటలో ఒక్కొక్క వృత్తివారికి ఒక్కొక్క వీధి ఉండెను. 1800లో మైసూరు దేశమున సంచరించిన ఫ్రాన్సిస్ బుకానన్, నల్ల ఇసుకనుండి ఇనుము తీయు కొలుములను, చన్నపట్టణమున వాద్యములకు ఉక్కు తీగలు చేయువారిని గూర్చి వ్రాసియున్నాడు. అప్పటికి మేకు కావలసినవాడు కమ్మరి యొద్దకే పోవలెను. 1809లో కంటోన్మెంటు ఏర్పడెను. 1864లో జోలార్‌పేట నుండి రైలు వచ్చెను. మద్రాసు రేవులో దిగిన విదేశీ మేకులు, తాళములు, రేకులు సులభముగా ఇచ్చటికి చేరసాగెను. 1898లో ప్లేగు వచ్చిన తరువాత జనులు ఇరుకైన పేటను విడిచి బసవనగుడి, మల్లేశ్వరములలో ఇండ్లు కట్టుకొనిరి. ప్రతి ఇంటికిని బందులు, గొళ్ళెములు, చీలలు, నీటి గొట్టములు కావలసివచ్చెను. ఇనుప సామానుల అంగడికి ఇట్లు పని పెరిగెను. 1912లో జంషెడ్‌పురమున టాటావారి ఉక్కు, 1923లో భద్రావతిలో మైసూరు ప్రభుత్వమువారి ఇనుము తయారగుటతో స్వదేశపు సరుకును లభించెను. మార్వాడమునుండి వచ్చి తెలుగు, కన్నడ సీమలలో స్థిరపడిన కుటుంబములును, ఇచ్చటి తెలుగు వర్తకులును, కన్నడిగులును పక్కపక్కనే అంగళ్ళు పెట్టిరి. పేటలోని సదర్ పత్రప్ప రోడ్డు, ఎలక్ట్రానిక్ సామానులకు పేరొందుటకు ముందు, ఇనుప సామానులకును యంత్రభాగములకును పేరొందినది.

ఇనుము అమ్ముట తగునా?

ఈ ప్రశ్న క్రొత్తది కాదు. శ్రావకుడు విడువవలసిన పదునైదు కర్మాదానములలో విషవాణిజ్యము ఒకటి. 12వ శతాబ్దములో హేమచంద్రాచార్యులు యోగశాస్త్రమున విషముతోను, ఆయుధములతోను కలిపి ఇనుమును కూడ అందు చేర్చిరి. కావున ఇనుప వర్తకుడు, తన వృత్తిలో హింసకు ఎడమున్నదని ఎరిగియే అంగడి తెరువవలెను. ఎలుకబోనులు, చేపల గాలములు, వేటకత్తులు ఉంచకుండుట మొదటి మెట్టు. అది సులభము. ఆ సరుకు అమ్మకున్నచో పోవు లాభము కొంచెమే. కష్టమైన మెట్టు వేరొకటి కలదు.

కొరత కాలము

రెండవ ప్రపంచ యుద్ధకాలమున, 1941లో, ఇనుము ఉక్కులపై ప్రభుత్వ నియంత్రణము వచ్చెను. ధర, కోటా, పర్మిటు అన్నియు ప్రభుత్వము చేతిలోనివే. స్వాతంత్ర్యానంతరమును ఇది చాలకాలము నిలిచెను. 1964 నుండి కొంత సడలి, 1992 జనవరిలో ధర, పంపిణీ నియంత్రణములు తొలగెను. ఈ మధ్యకాలమున పర్మిటు కాగితమునకే ధర పలికెను. సరుకు లోపల ఉంచి లేదనుటయు, చిట్టాలో ఒక ధర వ్రాసి చేతిలో మరొక ధర పుచ్చుకొనుటయు మూడవ అతిచారమే. 2017 జూలై 1న వచ్చిన జి.ఎస్.టి. క్రింద బిల్లు లేకుండ సరుకు పంపుటయు ఆ కోవలోనిదే. కాలము మారినది గాని అతిచారము మారలేదు.

తూనిక మారిన కాలము

పూర్వము తెలుగువారి తూనికలో 40 పలములు ఒక వీశె, 8 వీశెలు ఒక మణుగు, 20 మణుగులు ఒక బారువ. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చెను. 1958 అక్టోబరు 1 నుండి దశలవారీగా కిలోగ్రాములు వచ్చెను. వీశె సుమారు 1,400 గ్రాములు. అణా 6¼ నయాపైసలు. లెక్క సరిగా తెగదు. ఆ మిగులు ఎవరివైపు పోవలెను? ఒక్క బేరములో అది లెక్కకు రానంత స్వల్పము. దినమంతయు అమ్మిన మేకులలో అది కనబడును. నాలుగవ అతిచారము పెద్ద మోసముగా గాక ఇట్టి మిగులుగానే అంగట ప్రవేశించును.

పాత ఇనుము, నకిలీ ముద్ర

పాత ఇనుము కొను అంగడికి వీధి మురుగు మూతయు, పని జరుగుచున్న కట్టడములోని కమ్మీ ముక్కయు, రాగి తీగయు వచ్చును. ధర చవుకైనప్పుడు ఎచ్చటిదని అడుగకుండుట రెండవ అతిచారము. మరల తెమ్మని చెప్పుట మొదటిది. ఇక ఐదవది నకిలీ. 1952 నాటి చట్టముతో ఐ.ఎస్.ఐ. ముద్రకు చట్టబద్ధత కలిగెను. నీటి గొట్టములలో పలుచని రకమునకు పసుపు, మధ్యరకమునకు నీలము, మందపు రకమునకు ఎరుపు పట్టీ ఉండును. గిరాకీదారునకు ఈ రంగుల భేదము తెలియదు. తెలియనివానికి పసుపు పట్టీ గొట్టమిచ్చి నీలపు పట్టీ ధర తీసికొనుట నకిలీ అమ్ముటతో సమానము.

నేటి కాటా

కాంక్రీటు కమ్మీ బరువు కనుగొనుటకు సులభమైన లెక్క కలదు. వ్యాసమును మిల్లీమీటర్లలో తీసికొని, దానిని దానిచేతనే హెచ్చించి, 162చే భాగించినచో మీటరుకు కిలోలు వచ్చును. 12 మి.మీ. కమ్మీకి 144ను 162చే భాగింపగా 0.889 కిలో. 12 మీటర్ల కమ్మీ బరువు ఇంచుమించు 10.67 కిలోలు. ఈ వ్యాసమునకు భారతీయ ప్రమాణము నూటికి 5 వరకు హెచ్చుతగ్గును అనుమతించును. తేలిక కమ్మీలను కాటాపై తూచి కొని, పూర్తి బరువు లెక్కగట్టి కమ్మీల చొప్పున అమ్మినచో, నూరు కిలోల ధరకు తొంబదియైదు కిలోలే పోవును. లాభము స్వల్పమైన ఈ వ్యాపారములో ఐదు కిలోలు చిన్నమాట కాదు. పొరుగు అంగడి అట్లు అమ్మినచో, సరిగా తూచువాని ధర హెచ్చుగా కనబడి గిరాకీ పోవుటయు నిజమే. "నిజముతో ఈ వ్యాపారము సాగదు" అని యువకులు పలుకుట ఇందువలననే. వారిని గద్దించుట జవాబు కాదు.

జవాబు ఇది. ఆ ఐదు కిలోలు కొనువాని సంచినుండి మాత్రమే పోలేదు, అతని ఇంటి కప్పునుండి పోయినవి. ఇంజనీరు గీచిన లెక్కలో ఆ ఇనుము ఉన్నది, కప్పులో లేదు. ఆ కప్పు క్రింద పిల్లలు నిద్రింతురు. ఇచ్చట మూడవ వ్రతభంగము మొదటి వ్రతమైన అహింసను కూడ తాకుచున్నది. ఎలుకబోనులు అమ్మనని సంతోషించు వర్తకుడు తూకము తగ్గిన కమ్మీ అమ్మినచో, ఆచార్యులు ఇనుమును విషముతో చేర్చిన కారణము అతని అంగటనే నిజమగును. సరిగా తూచి ఇచ్చిన ఇనుము ఇంటికి ఆధారమగును. కష్టమైన మెట్టు ఇదియే.

వారసత్వము

పూర్వము ఉమ్మడి కుటుంబమునకు ఒకే గల్లాపెట్టె, ఒకే ఆవర్జా ఉండెను. నేడు అన్నదమ్ములు భాగస్థులైరి. పిల్లలు వేరు ఉద్యోగములకు పోవుచున్నారు. కర్ణాటకమున 1994 నుండి అవివాహితలైన కుమార్తెలకును, దేశమంతట 2005 సవరణతో కుమార్తెలందరికిని ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతోనే కుమారులతో సమాన హక్కు కలిగినది. కావున అంగడి ధర్మమును కుమారులకు మాత్రమే నేర్పుట చాలదు. సరుకు, స్థలము, పేరు పంచుకొనవచ్చును. తూచు అలవాటు మాత్రము చూచి నేర్వవలసినదే.

పాఠశాలలో చర్చింపవలసినవి

1. మన అంగడి కాటాను చివర ఎప్పుడు పరీక్ష చేయించితిమి?
2. కమ్మీలను కొనునప్పుడు, అమ్మునప్పుడు ఒకే పద్ధతిన లెక్కించుచున్నామా?
3. ఎచ్చటిదని అడుగక కొన్న సరుకు ఏదైనను కలదా?
4. తెలియనివాడు అడిగినప్పుడు సరుకు భేదమును మనమై చెప్పుచున్నామా?

మహావీరస్వామి నిర్వాణదినమగు దీపావళికి క్రొత్త ఖాతా తెరచుటకు ముందు, ఇంటిలోని పిన్నలు పెద్దలు కూడి ఈ నాలుగింటికి జవాబు వ్రాసికొనుట మేలు. సంవత్సరీనాడు "మిచ్ఛామి దుక్కడం" అని చెప్పునప్పుడు, పేరు తెలియని కొనుగోలుదారులును ఆ క్షమాపణకు అర్హులే. వారికి క్షమాపణ చెప్పు విధము మరుసటి దినము తూకము సరిచేయుటయే.