సైటు మీద జాగ్రత్త అందరికీ అందాలంటే

మహారాష్ట్రలోని మన జింగనూరు నుంచి పనికి పోవాలంటే మనవాళ్లకు దారులు కొన్నే. నది దాటి తెలంగాణలో మిరపతోటలకో, సెంట్రింగు, సుతారి పనులకో పోతాం. నేను సుతారి మేస్త్రీగా ఆ దారినే బతికాను. ఇప్పుడు జట్లు కట్టుకుని పోతున్న మన పిల్లల కోసం కరోనా కాలంలో తెలిసొచ్చినవి రాస్తున్నాను.

1. రూలు వినగానే, అది ఎవరికి కుదరదో చూడాలి.
2020 ఏప్రిల్ 15న కేంద్ర హోంశాఖ ఇచ్చిన మార్గదర్శకాల్లో 65 ఏళ్లు దాటినవాళ్లను, ఐదేళ్లలోపు పిల్లలున్న తల్లిదండ్రులను ఇంటి నుంచి పనిచేసేలా ప్రోత్సహించమని ఉంది. ఆఫీసు మనిషికి అది మేలే. ఇటుకలు మోసే తల్లి ఇంట్లో కూర్చుని ఏ పని చేస్తుంది? సైటు పక్కన రేకుల షెడ్డే ఆమె ఇల్లు. వద్దంటే కూలి పోతుంది, రమ్మంటే జబ్బు భయం. అందుకే ఆపిన రోజులకు కూలి ఎవరిస్తారో మేస్త్రీ అక్కడే అడగాలి. గర్భిణికి, ఆయాసం ఉన్నవాడికి, షుగరున్నవాడికి గుంపులో తట్ట మోసే పని తప్పించి, గోడలకు నీళ్లు పట్టడమో, సామాను లెక్క చూడడమో ఇవ్వాలి. కూలి మాత్రం తగ్గకూడదు. తగ్గుతుందంటే ఎవరూ తమ జబ్బు బయటపెట్టరు.

2. దూరం ఉండమనేవాడు జాగా చూపాలి.
ఒక్క షెడ్డులో పదిమందిని పడుకోబెట్టి, పగలు ఆరడుగుల దూరం పాటించమంటే ఏం లాభం? 2020లో సింగపూరులో సోకినవాళ్లలో అత్యధికులు డార్మిటరీల్లో ఉండే వలస కార్మికులే. వాళ్లలో కట్టడాల పనివాళ్లు ఎందరో. డబ్బున్న దేశంలోనే ఇరుకు గదులు అంత పని చేశాయి. అప్పుడు మన దగ్గర అమల్లో ఉన్న 1996 నాటి నిర్మాణ కార్మికుల చట్టం ఉచిత వసతి, వంటకు, స్నానానికి వేరే చోటు యజమాని ఇవ్వాలని చెప్పింది. ఆడవాళ్లకు నీళ్లు, తలుపున్న మరుగుదొడ్డి దగ్గర్లో ఉన్నాయో లేదో మగ మేస్త్రీలు చూడరు. జట్టులో పెద్ద వయసు ఆడమనిషిని పంపి చూసి రమ్మనండి.

3. చెప్పిన మాట తిరిగి చెప్పించుకోండి.
మన ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, లోపలి ఊళ్లలో మాడియా. సైటు బోర్డేమో హిందీలోనో ఇంగ్లీషులోనో ఉంటుంది. మాడియా వచ్చినవాడితో చెప్పించి, అర్థమైందో లేదో తెలియడానికి విన్నవాళ్లతో తిరిగి చెప్పించుకోవాలి.

4. ఫోను లేనివాణ్ని లైను చివర నిలబెట్టొద్దు.
2021 మేలో 18–44 ఏళ్లవాళ్లకు టీకా తెరిచినప్పుడు ముందు ఆన్‌లైన్‌లో నమోదు కావాలన్నారు. సర్కారు కేంద్రాల్లో అక్కడికక్కడే నమోదుకు మే 24న ఒప్పుకున్నారు. ఆ మూడు వారాలు సిగ్నల్ లేని ఊళ్లు వెనకబడ్డాయి.

5. ఆడవాళ్ల పేరు హాజరులో వేరుగా ఉండాలి.
మొగుడూ పెళ్లాల కూలి కలిపి మగవాడి పేరున రాసే అలవాటు ఉంది. 2020 ఏప్రిల్‌లో మహారాష్ట్ర సర్కారు 2,000 రూపాయల సాయం ప్రకటించింది నమోదైన నిర్మాణ కార్మికులకే. నమోదుకు అంతకుముందు ఏడాదిలో 90 రోజుల పని చూపాలి. పేరే రాయని ఆడమనిషి ఏం చూపుతుంది? రేషన్ కార్డు లేని వలస కూలీలకు తెలంగాణ సర్కారు 12 కిలోల బియ్యం, 500 రూపాయలు ఇచ్చింది. కాయితం అడగని సాయం ఆకలిని త్వరగా చేరుతుందని అప్పుడే చూశాం.

6. బాకీ కూలి కూడా జాగ్రత్త కిందికే వస్తుంది.
చేతిలో డబ్బు లేనివాడు గదిలో ఉండలేడు, ఊరికీ పోలేడు. సంగారెడ్డి దగ్గర కందిలో ఐఐటీ కట్టడం పనివాళ్లు 2020 ఏప్రిల్ 29న కూలి కోసం, ఇంటికి పంపమని రోడ్డెక్కారు. మే 1న లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకు తొలి శ్రామిక్ రైలు దాదాపు 1,200 మందితో కదిలింది. లాక్‌డౌన్ మొదలైన మార్చి 25 నుంచి అప్పటిదాకా ఎందరో ఊళ్లకు నడిచారు. ములుగు జిల్లా మిరపతోటల నుంచి మనకు ఇంద్రావతి అవతల ఉన్న బీజాపూరుకు నడిచిన పన్నెండేళ్ల పిల్ల ఊరు చేరకుండానే చనిపోయింది. అందుకే వారం వారం కూలి తీసుకోండి. దారిఖర్చు జట్టు పెద్ద దగ్గర కాకుండా, ఎవరిది వాళ్ల దగ్గరే ఉంచుకోండి, ఆడవాళ్లతో సహా.