వీధిలో మొదలయ్యే విదేశాంగం

చిరంజీవి మనవరాలికి,

చరిత్ర ఎం.ఏ.లో చేరావు, ఎప్పటికైనా పాఠ్యపుస్తకాలు రాయాలని ఉందన్నావు. సంతోషం. అయితే అమెరికన్ చరిత్రకారుడు టామస్ ఎ. బెయిలీ గురించి నువ్వు తెలుసుకోవాలి.

1902లో కాలిఫోర్నియాలో పుట్టాడాయన. 1927లో స్టాన్‌ఫర్డ్‌లో పీహెచ్‌డీ చేసి, కొన్నేళ్లు హవాయిలో పాఠాలు చెప్పాడు. 1930లో స్టాన్‌ఫర్డ్‌కే తిరిగొచ్చి, 1968లో రిటైరయ్యేదాకా అక్కడే ఉన్నాడు.

ఆయన తొలి పరిశోధనలో ఉన్న గొడవ చూడు. 1906 భూకంపంలో శాన్‌ఫ్రాన్సిస్కో నేలమట్టమైంది. ఆ అక్టోబరులోనే అక్కడి స్కూల్ బోర్డు, జపాన్ పిల్లలంతా ఆసియా వాళ్ల బడికే పోవాలని ఉత్తర్వు వేసింది. పట్టుమని వంద మంది లేరు, 93 మంది పిల్లలు. జపాన్‌లో జనం భగ్గుమన్నారు. అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ బోర్డు వాళ్లను వాషింగ్టన్‌కు పిలిపించి, నచ్చజెప్పి ఉత్తర్వు వెనక్కి తీయించాడు. బదులుగా, కూలీలు అమెరికాకు రాకుండా జపానే ఆపేందుకు ఒప్పుకుంది. రాయబారుల ఉత్తరాలు మాత్రమే చదివితే ఇదంతా ఎలా రాజుకుందో తెలియదు. ఊళ్లో జనం ఏమనుకున్నారో, పత్రికలు ఏం రాశాయో కూడా చూడాలి.

ఆ చూపుతోనే 1940లో ఆయన అమెరికా దౌత్య చరిత్ర రాశాడు. అది ఏళ్ల తరబడి కాలేజీల్లో పాఠ్యపుస్తకంగా నడిచింది. తర్వాత అధ్యక్షుడు వుడ్రో విల్సన్ మీద రెండు పుస్తకాలు తెచ్చాడు. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత విల్సన్ తెచ్చిన వెర్సాయ్ సంధికి 1920 మార్చిలో సెనేట్‌లో అనుకూలంగా 49, వ్యతిరేకంగా 35 ఓట్లు పడ్డాయి. కావలసిన మూడింట రెండొంతులకు ఏడు తక్కువై అది వీగిపోయింది. ఆ తప్పును సెనేట్‌లోని ప్రత్యర్థి లాడ్జ్ ఒక్కడి నెత్తినే రుద్దలేదు బెయిలీ. పట్టువిడుపు లేని విల్సన్‌నూ నిలదీశాడు.

1956లో వచ్చిన 'ది అమెరికన్ పేజెంట్' హైస్కూలు పిల్లలదాకా వెళ్లింది. చమత్కారాలు, పదునైన వాక్యాలు, కార్టూన్లతో నిండిన పుస్తకమది. ఆ జోరు ఎక్కువైన చోట్లూ ఉన్నాయి. కానీ అమెరికన్ చరిత్రకారుల సంఘానికి అధ్యక్షుడిగా 1968లో చేసిన ప్రసంగానికి ఆయన ఎంచుకున్న విషయం, దేశచరిత్రలో పాతుకుపోయిన కట్టుకథలు. పాఠ్యపుస్తకాలు రాసి పేరు తెచ్చుకున్న మనిషి ఆ మాట ఎత్తడం చిన్న సంగతి కాదు.

ఆయన చమత్కారాన్ని అనుకరించకమ్మా, అది అబ్బేది కాదు. అలవాటును నేర్చుకో. ఒప్పందం పాఠంతో పాటు ఆనాటి పత్రికలూ తిరగెయ్యి. అందరూ నమ్మే కథ తగిలినప్పుడల్లా ఆధారం అడుగు. పాఠ్యపుస్తకంలో దొర్లిన అబద్ధాన్ని పిల్లలు నిజమనుకుని కంఠతా పడతారు.

ఇట్లు,
తాతయ్య