పలకరింపులు ఫోన్లోనే చాలు

చెల్లెమ్మా, మీ ఆయనకి మెదడులో గడ్డ ఆపరేషనై ఇంటికొచ్చాక అందరి చూపూ తలమీది కుట్ల మీదే ఉంటుంది. కుట్లు ఎర్రబడినా, వాచినా, తడిగా కారినా వెంటనే చూపించాల్సిందే. కానీ నా బెంగంతా ఆ తర్వాత కరెంటు (రేడియేషన్) పెట్టించే వారాల గురించీ, కీమో మాత్రలు నడిచే నెలల గురించీ.

గ్లియోబ్లాస్టోమా అనే మెదడు క్యాన్సర్ గడ్డకి మామూలుగా ఇచ్చే కీమో మాత్ర టెమోజోలొమైడ్. అది తెల్లకణాలనూ తగ్గించేస్తుంది. మెదడు వాపుకిచ్చే డెక్సామెథాసోన్ రోగనిరోధక శక్తిని అణిచేస్తుంది, షుగర్ పెంచుతుంది, పైగా జ్వరాన్ని దాచేస్తుంది. లోపల ఇన్ఫెక్షన్ ఉన్నా ఒళ్ళు కాలకపోవచ్చు. అలాగని డెక్సామెథాసోన్ నీ అంతట నువ్వు ఆపెయ్యకు తల్లీ, ఒక్కసారిగా మానితే చాలా ప్రమాదం. థర్మామీటర్‌లో 100.4 చూపించిందా, అర్ధరాత్రయినా ఆస్పత్రికి ఫోన్ చెయ్యి. పారాసిటమాల్ వేసి పొద్దున చూద్దాంలే అనుకోకు. జ్వరం లేకపోయినా వణుకు, ఆయాసం, మూత్రంలో మంట, ఉన్నట్టుండి మగతగా అయిపోవడం, ఏది కనిపించినా అంతే. నోట్లో తెల్లటి పూత కనిపిస్తే అది ఫంగస్ కావచ్చు, చెప్పు.

న్యుమోసిస్టిస్ అని ఊపిరితిత్తులకొచ్చే ఒక మొండి న్యుమోనియా ఉంది. అది రాకుండా చాలామందికి కోట్రైమాక్సజోల్ రాస్తారు. ఇప్పటికే గుప్పెడు మాత్రలు, ఇదెందుకని పక్కన పెట్టకు. సల్ఫా మందులు పడకపోతే మాత్రం ముందే చెప్పు, వేరేది ఇస్తారు.

ఇక మన ఇళ్ళలో అసలు కష్టం చుట్టాలతో. విషయం తెలియగానే నలుగురూ కలిసి వస్తారు, మంచం మీదే కూర్చుంటారు, చెయ్యి పట్టుకుని ఏడుస్తారు. ప్రేమే, కాదనను. కానీ వాళ్ళలో ఒకరి జలుబు ఆయన్ని ఆస్పత్రిపాలు చెయ్యొచ్చు. "డాక్టరుగారు ఎవర్నీ రానివ్వద్దన్నారు పిన్నీ, ఫోన్లో మాట్లాడండి, ఆయనకీ బాగుంటుంది" అని గుమ్మంలోనే చెప్పెయ్యి. నొచ్చుకుంటే నొచ్చుకోనీ, తర్వాత సర్దుకుంటారు. తప్పనిసరిగా వచ్చినవాళ్ళు సబ్బుతో 20 సెకన్లు చేతులు కడుక్కుని, మాస్కు పెట్టుకుని, దూరంగా కూర్చోవాలి. నువ్వూ పిల్లలూ ఫ్లూ టీకా వేయించుకోండి. ఆయన టీకాలు మాత్రం డాక్టరే చెప్పాలి, బతికున్న క్రిములతో చేసినవి ఇప్పుడు పనికిరావు.

తిండి వేడివేడిగా, అప్పటికప్పుడు వండింది పెట్టు. బండిమీద కోసిన పండ్లు, కాచని పాలు వద్దు.

ఇంకొకటి. కరెంటు అయిపోయాక 28 రోజులకోసారి 5 రోజులు టెమోజోలొమైడ్ మాత్రలుంటాయి. మాత్రలు మింగే రోజులు గడిచాయి కదా అని తేలికపడే మూడో, నాలుగో వారంలోనే రక్తకణాల కౌంట్స్ బాగా పడిపోయేది. ఆ రోజుల్లో పెళ్ళి పిలుపేదైనా వస్తే, ముందు రక్తపరీక్ష చేయించి, ఆ కాగితం డాక్టరుకి చూపించి, అప్పుడు వాళ్ళకి జవాబు చెప్పు.